గాలి అని రాసిన మీట

పక్షవాతంతో కుడిపక్క చచ్చుబడి నల్గొండ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన అవ్వ, మనుమరాలు తన ఎడమచేతిలో పెట్టిన కొత్త రిమోటును బెదురుగా చూసింది.

“గీ ఇంగ్లీషు నాకేమెర్క బిడ్డా?”

“ఇంగ్లీషు తీసేసిన అవ్వా. దీని తెర మీద పేర్లు మనమే పెట్టుకోవచ్చు. జర సదువు.”

“గా... లి. గాలి! మనం పిలిచే పేరేనా?”

“నువ్వు పిలిచేదే. దాని మీద ఒత్తు.”

అవ్వ బొటనవేలు మీట మీద ఆనింది. పైన ఫ్యాను మెల్లగా తిరగసాగింది. అవ్వ నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది.

“ఏందవ్వా, సల్లగుందా? బంద్ చెయ్యాల్నా?”

“వద్దు బిడ్డా. మంచాన పడ్డకాన్నుంచి గింత గాలికి సుత ఎవలో ఒకలను పిలిశిన. ఇయ్యాల నేనే తెప్పిచ్చుకున్న!”

“ఇగ లైటుది మిగిలింది. దానికేం పేరు పెట్టాలె?”

“ఎలుగు అని రాయి. గది గూడ నేనే ఒత్తుత.”