నదికి నోటీసిచ్చిన బాబాయ్

టీకొట్టు అక్క పొద్దున్నుంచి ఎవరితోనూ సరిగ్గా మాట్లాడట్లేదు. కొట్టు రోడ్డు మీదకి వచ్చిందని ఎవరో ఫిర్యాదు చేశారట, ఇవాళ మున్సిపల్ ఆఫీసు నుంచి మనిషి వస్తారట. కొట్టు పోతే ఆమె ఇంట్లో పొయ్యి వెలగదు. ఆ దిగులులో టీలో చక్కెర వెయ్యడం మర్చిపోయినా మేమెవరమూ నోరెత్తలేదు. నోటీసు బాబాయ్ మాత్రం ఎప్పట్లాగే బల్ల మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. రిటైరయ్యేదాకా ఆ ఆఫీసు నోటీసులు ఇంటింటికీ తీసుకెళ్ళి ఇచ్చే ఉద్యోగం ఆయనది.

"నేనుండగా నీ కొట్టు జోలికి ఎవడొస్తాడమ్మా?" అని అందుకున్నాడు. "నా సంగతి మీకు తెలీదు. ఒకాయన ప్రహరీగోడ వీధిలోకి కట్టేశాడు. నోటీసిద్దామని వెళ్తే లోపల గడియ. సరే, చదివి వినిపిస్తే పోలా అని వీధిలో నిలబడి గట్టిగా చదివా. 'ఆక్రమణ' అనే మాట దగ్గరికి రాగానే లోపల మనిషి వణికిపోయాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గోడ తనంతట తనే వెనక్కి జరిగింది."

"ఇటుకలు రాల్లేదా?" అన్నాడు దర్జీ.

"ఒక్కటి రాలితే ఒట్టు. రోడ్డు మీద పడితే ప్రభుత్వాస్తికి నష్టం కింద ఇంకో కేసవుతుందని దానికీ తెలుసు. ఇది విని మా పై ఆఫీసరు పరిగెత్తుకొచ్చాడు. నది పొంగి బస్టాండులో కూర్చుందయ్యా, నువ్వే దిక్కన్నాడు. ప్రజాసేవకి అడ్డం పడితే ఎంతటివాళ్ళయినా నేరస్తులే కదా, మోకాలి లోతులోకి దిగి, ఎందుకు ఖాళీ చెయ్యట్లేదో సంజాయిషీ ఇమ్మన్నా. నోటీసు తీసుకోను పొమ్మంది. తీసుకోకపోతే తలుపుకి అంటించాలి, నదికి తలుపేదీ? అటుగా పోతున్న పెద్ద చేప వీపుకి అంటించేశా. అప్పుడు దారికొచ్చి గడువడిగింది. పోనీలే పాపం, భోజనం వేళ దాకా ఇచ్చా. నేను తిని చెయ్యి కడుక్కునేసరికి గట్ల మధ్య బుద్ధిగా పారుతోంది. పోతూ పోతూ బస్టాండు కూడా కడిగిపోయింది."

సైకిల్ షాపు బావకి టీ పొలమారింది. "మరి మబ్బులు ఊరుకున్నాయా?" అన్నాడు దగ్గుతూనే.

"ఊరుకుంటాయా, అప్పీలుకొచ్చాయి. ఆ నీళ్ళు మావి, మా హక్కు అని ఒకటే ఉరుములు. 'మీరు నా పరిధిలోకి రారు, పైకెళ్ళి చెప్పుకోండి' అన్నా. అప్పట్నుంచే అవి అంత పైన తిరుగుతున్నాయి. ఇదంతా ఒక ఎత్తు, నా ఉద్యోగం ఆఖరి రోజు ఒక ఎత్తు. చేతిలో ఇంకో నోటీసుంది, పొద్దు గుంకిపోతోంది. గుంకాక ఇస్తే చెల్లదు. ఏం చేశానో తెలుసా? ఆకాశం వైపు చూసి, 'తదుపరి ఉత్తర్వులు వచ్చేవరకు యథాతథ స్థితి' అన్నా. సూర్యుడు ఎక్కడివాడక్కడే నిలబడిపోయాడు. నేను నోటీసిచ్చి, ఇంటికెళ్ళి, స్నానం చేసి పడుకున్నా. స్టే ఎత్తెయ్యడం మర్చిపోయా. రెండ్రోజులు చీకటే పడలేదు. మీ పిన్ని తిట్టి లేపబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆయన ఇప్పటికీ అక్కడే ఉండేవాడు."

అక్క నవ్వేసింది. పొద్దున్నుంచి అదే మొదటి నవ్వు. చెప్పొద్దూ, మాకు ప్రాణం లేచొచ్చింది.

బల్ల చివర కూర్చుని రెండు టీలు తాగిన అమ్మాయి కూడా నవ్వుతూ లేచి, సంచి భుజాన వేసుకుంది. బాబాయ్ చేసిన ఉద్యోగంలో ఇప్పుడున్నది తనేనని చెప్పింది. బాబాయ్ గభాల్న కాళ్ళు ముడుచుకున్నాడు. కొట్టు తెరవకముందే వచ్చి కొలిచిందట. కొట్టు దాని హద్దులోనే ఉందట, రోడ్డు మీదకి వచ్చింది ఈ బల్లొక్కటేనట. దాన్ని లోపలికి జరిపితే ఫిర్యాదు ఇక్కడితో కొట్టేస్తారట. అక్క ఆ పిల్ల చేతులు రెండూ పట్టుకుంది.

"ఒక్క అడుగే బాబాయ్ గారూ," అంది ఆ అమ్మాయి. "నదినే పంపించేశారు, ఈ బల్లకి కూడా మీరే ఓ మాట చెప్పండి."

మేమంతా లేచి దారిచ్చాం. బాబాయ్ బల్ల వంక చూశాడు, మా వంక చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"చెప్తే వింటుందమ్మా, కాదన్ను. కానీ రిటైరయ్యాక నాకా అధికారం లేదు," అన్నాడు. "ఒరేయ్ దర్జీ, ఆ కొస పట్టు."