వెండి మెట్టె

1986 వానాకాలం, ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్. కొత్త కోడలి పెరట్లో కోసేసిన పుట్టగొడుగుల మొదళ్ళను పక్కింటావిడ వంగి చూసింది.

"ఈ పుట్టగొడుగులు కోసినదెవరే?"

"నేనే పిన్నీ. పొద్దున్నే వండేసినాను."

"అడుగున గుడ్డుపెంకు లాటి తిత్తి ఉంది, సూళ్ళేదా? ఇవి విషం!"

"కాలి మెట్టె కడిగి కూరలో ఏసినాను. నల్లబడలేదు. మా ఊర్లో అలాగే సూస్తారు."

"ఎండికేటి తెలుస్తాది? నువ్వు తిన్నావా?"

"ఆయన తినకుండా నేనెలా తింటాను? కేరేజీలో పెట్టి వర్క్‌షాపుకి పంపినాను."

"బోజనాల సైరన్ మోగకముందే గేటు కాడికి పరిగెట్టు! ఇంకా నిలబడతావేటే?"

"పిన్నీ... బాబాయి సైకిలెక్కుతూ వాసన బాగుందన్నారు. ఆరి కేరేజీలోనూ పెట్టినాను."

సైరన్ మోగింది.