పదకొండో నంబరు గుర్రం

అంతర్జాతీయ క్రీడల్లో పురుషుల మోడర్న్ పెంటాథ్లాన్ ఫైనల్. కత్తిసాము, ఈత, గుర్రపు స్వారీ అయిపోయాయి. ఇక మిగిలింది పరుగెడుతూ మధ్యమధ్య పిస్తోలు కాల్చడమే. దానికింకా ఇరవై నిమిషాల వ్యవధి ఉంది. మైదానం కింద బట్టలు మార్చుకునే గదిలో ఇద్దరే ఉన్నారు: ఆటగాడు, అతని కోచ్ అయిన మేనమామ.

"అలా కాదు, మడమ కిందకి నొక్కిపట్టు. బూటు నేను లాగుతా."

"రావట్లేదు మావయ్యా."

"వస్తుంది. పాదం ఉబ్బింది, అంతే. ఊఁ, వచ్చింది. రెండో కాలు ఇటివ్వు."

"చిన్నోడికి ఎలా ఉంది?"

"రెండో కాలు ఇటివ్వరా."

"మావయ్యా."

"తీసుకెళ్లారు. స్కానింగ్ అంటున్నారు."

"నువ్వు వెళ్లలేదా?"

"అంబులెన్సులో ఒక్కరికే చోటుంది. మన డాక్టర్ని ఎక్కించాను."

"నువ్వు తండ్రివి కదా."

"తండ్రినే. కోచ్‌ని కూడా. ఇక్కడ నువ్వున్నావుగా. మడమ నొక్కు."

"కాళ్లు కదుపుతున్నాడా?"

"నీళ్లు తాగావా?"

"కాళ్లు కదుపుతున్నాడా అని అడిగాను."

"రెండు గుటకలు తాగు. ఎక్కువొద్దు, పరుగులో పొట్ట పట్టేస్తుంది. డాక్టరు పాదం గిల్లాడు. ఎక్కడ గిల్లుతున్నానో చెప్పు అన్నాడు. వీడు నా మొహం చూశాడు."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. అదే చెప్తున్నా."

"నీ ఫోన్ మోగుతోంది."

"మోగనీ. మీ అత్తయ్యే."

"ఎత్తు మరి."

"ఎత్తి ఏం చెప్పను? టీవీలో చూసే ఉంటుంది. గుర్రం వాడి మీద పడ్డం నాలుగుసార్లు తిప్పి తిప్పి చూపించారట. నాకంటే తనకే బాగా తెలుసు. ఆ విషయం వదిలెయ్, ఇది విను. ఇప్పటిదాకా వచ్చిన పాయింట్ల లెక్కన అందరికంటే ముందు నువ్వు బయల్దేరతావు. రెండోవాడు నీ వెనక పంతొమ్మిది సెకన్లకి."

"రెండోవాడు చిన్నోడు కదా. నాలుగు సెకన్లే."

"అది స్వారీకి ముందు సంగతి. లిస్టులోంచి తీసేశారు. పంతొమ్మిది."

"అప్పుడే తీసేశారా?"

"తీసేసి బోర్డు మీద కూడా పెట్టేశారు. పంతొమ్మిది సెకన్లంటే చాలా దూరం రా. మా అమ్మని నిలబెట్టినా గెలిచి వస్తుంది. నవ్వు రాలేదా?"

"రాలేదు."

"నాకూ రాలేదు. నోటికి అలవాటైపోయి అనేశాను. చెయ్యి చాపు. వణుకుతోందా?"

"లేదు. అసలు చెయ్యి ఉన్నట్టే లేదు."

"వణక్కపోతే చాలు. నాలుగుసార్లు ఆగి కాల్చాలి. ఆగినప్పుడల్లా ఐదూ గురికి తగిలాకే కదులు. పక్కవాడు లేచి వెళ్లిపోతున్నాడని తొందరపడొద్దు. పక్కన ఎవడూ ఉండడులే."

"గుర్రం సంగతి?"

"ఏ గుర్రం?"

"పదకొండో నంబరు."

"చుట్టూ తెర కట్టారు. తెర కట్టారంటే ఇక లేవదనే, తెలుసుగా."

"తెలుసు."

"గేటు దగ్గర చిన్నోడికి అన్నీ చెప్పావుగా? చెప్పే ఉంటావులే. ఒకే గుర్రం ఇద్దరికీ పడితే ముందెక్కినవాడు చెప్పాలి, వెనకెక్కేవాడు నమ్మాలి. మీ ఇద్దరికీ నేను మొదట నేర్పింది అదేగా."

"అదే."

"చెప్పావుగా మరి?"

"చెప్పాను మావయ్యా. ఎవరో తలుపు కొడుతున్నారు."

చేతిలో కాగితంతో ఒక అధికారిణి లోపలికి వచ్చింది.

"పదకొండో నంబరు మీద ముందు స్వారీ చేసింది మీరేనాండీ?"

"నేనేనండీ."

"ఈ కాగితం నింపాలి. గుర్రం నడకలో ఏదైనా తేడా గమనించారా, లేదా. ఏదో ఒకటి రాసి కింద సంతకం పెట్టండి."

"ఇప్పుడేనా మేడమ్? వీడు ఇంకో పావుగంటలో బయల్దేరాలి."

"అందుకే ఇప్పుడే రావాల్సొచ్చింది సార్. గుర్రం యజమాని ఫిర్యాదు పెట్టాడు. మీ అబ్బాయి స్వారీ చేతకాక గుర్రాన్ని చంపేశాడని."

"అలా అన్నాడా?"

"రాసిచ్చాడు. ముందెక్కిన ఈయన కూడా గుర్రం బాగుందంటే తప్పు మీ అబ్బాయిదే అవుతుంది."

"తేడా ఉందని రాస్తేనోండీ?"

"చూసి కూడా ఎందుకు చెప్పలేదని మిమ్మల్ని కూర్చోబెట్టి అడుగుతారు. అది తేలేదాకా బయల్దేరనివ్వరు. ఐదు నిమిషాల్లో వస్తాను, రాసి ఉంచండి."

"సరే మేడమ్. తలుపు దగ్గరగా వెయ్యండి."

"మావయ్యా."

"బాగుందని రాసెయ్."

"చిన్నోడి మీదకి వస్తుంది కదా."

"రానీ. మంచం మీద ఉన్నవాడికి ఒక తప్పు ఎక్కువైతే ఏం బరువు? నువ్వు పరుగెత్తాలి. ఇంటికి ఒక్క పతకమైనా తీసుకెళ్లాలి. రాయి."

"వాడికి స్వారీ చేతకాదని రాసినట్టే అది."

"వాడికి వచ్చో రాదో మనకి తెలుసు, చాలు. నీళ్లు నములుతావేంట్రా, పెన్ను తీసుకో."

"రాయలేను."

"ఏం?"

"బాగాలేదు కాబట్టి."

"ఏది బాగాలేదు?"

"గుర్రం. నేను ఆఖరి కంచె దూకించి దిగినప్పుడే కుడి ముందుకాలు సరిగ్గా మోపలేదు. గేటు దాకా తల ఊపుకుంటూ నడిచింది. కూర్చున్నవాణ్ని నాకు తెలీదా."

"ఆ బూట్లు ఇటివ్వు. పరుగువి."

"విన్నావా మావయ్యా?"

"విన్నాను. పాదం ఇక్కడ పెట్టు, లేసు కడతా."

"చిన్నోడికి అన్నీ చెప్పాను. ఎడమకి లాగుతుందని చెప్పాను. మూడో కంచె దగ్గర తల ఎత్తుతుంది, కళ్లెం కొంచెం వదులు చెయ్యమని చెప్పాను. కొరడా చూస్తే బెదురుతుందని చెప్పాను. కాళ్లెలా ఉన్నాయి బావా అన్నాడు. బాగున్నాయి, ఎక్కెయ్ అన్నాను."

"ఎందుకలా అన్నావు?"

"నిజం చెప్తే దీన్ని పక్కన పెట్టి తెల్లదాన్ని ఇచ్చేవాళ్లు."

"అదనంగా ఉంచారు, అదా?"

"అదే. నిన్నంతా కంచెల మీద ఒక్క కర్ర కూడా పడెయ్యలేదది. దాని మీద చిన్నోడు గాల్లో తేలినట్టు వచ్చేసేవాడు. అప్పుడు నాలుగు సెకన్లు నాకు ఏ మూలకి? పరుగులో వాణ్ని నేను ఎప్పుడైనా దాటానా? ఒక్కసారి చెప్పు."

"దాటలేదు."

"పన్నెండేళ్ల నుంచి వాడి వీపు చూస్తూనే పరుగెత్తుతున్నాను. నాన్న పోయాక మీ ఇంటికొచ్చిన రోజు నుంచీ. స్కూలు గ్రౌండులో వాడి వీపే, ఇక్కడా వాడి వీపే. మంచోడు కాబట్టి కోపం కూడా రాదు. గీత దాటాక వెనక్కొచ్చి నాకు నీళ్లిస్తాడు."

"మరి ఏం జరుగుతుందనుకున్నావు?"

"ఒక కర్ర పడితే ఏడు సెకన్లు పోతాయి. రెండు పడితే పద్నాలుగు. అంతే అనుకున్నాను. పద్నాలుగు సెకన్లు చాలు నాకు, అంతకంటే ఒక్కటి కూడా ఎక్కువ కోరుకోలేదు. గుర్రం కూలిపోతుందని, వాడి మీదే పడుతుందని ఎలా అనుకుంటాను? కర్రలు పడతాయనుకున్నాను."

"బిగువైందా?"

"ఏంటి?"

"లేసు."

"సరిపోయింది. ఏదో ఒకటి అను మావయ్యా. రెండు తగిలించు."

"చెయ్యి లేవట్లేదు."

"పెన్ను ఎటు పోయింది?"

"బెంచీ కింద ఉంది. ఏం రాస్తావు?"

"తేడా ఉందని. చూశానని. అడిగితే కూడా చెప్పలేదని."

"బయల్దేరనివ్వరు."

"తెలుసు."

"మళ్లీ నాలుగేళ్లు ఆగాలి. అప్పటికి నిన్నెవడు రానిస్తాడు? ఇంతటితో సరి."

"తెలుసు మావయ్యా. ఇవాళ తారీఖెంత?"

"పన్నెండు."

"పెట్టాను సంతకం. చదువుతావా?"

"చదవను. ఆవిడ వస్తే నువ్వే ఇచ్చెయ్."

"ఇచ్చేసి ఆస్పత్రికి పోదాం. చిన్నోడికి నేనే చెప్తాను. తిట్టనీ, ఉమ్మనీ, పడతాను."

"వాడు నిన్నేం అనడు."

"ఎందుకు అనడు?"

"అనాలంటే నన్నే అనాలి."

"నువ్వేం చేశావు?"

"నువ్వటు వెళ్లాక గుర్రాన్ని నాలుగడుగులు నడిపించి నా దగ్గరికొచ్చాడు. నాన్నా, ఇది కుంటుతున్నట్టుంది, వేరేది అడుగుదామా అన్నాడు. గుర్రం దిగేశాడు కూడా."

"మరి ఎక్కాడేం?"

"నేనే తిట్టి ఎక్కించాను. బావే బాగుందన్నాక ఇంకా అనుమానమేంట్రా, వాడు నీ చెడు కోరతాడా అని."