చదవని పేరు

బారిడీహ్ ఉక్కు కార్మికుల కాలనీలో తెలుగువాళ్ల పెళ్లిపందిరి. తాళి కట్టడం అయింది. మైకులో చదివింపులు చదువుతున్న తండ్రి దగ్గరికి పెళ్లికూతురు విసురుగా వచ్చింది.

"బీరువా మీద రెండు పేర్లు రాసున్నాయి నాన్నా. అన్నయ్య పేరొక్కటే సదివావేటి?"

"నెమ్మదిగా మాటాడే. రెండోది ఆడి దోస్తుది."

"జెరోమ్ దోస్తేటి? ఆరేళ్లబట్టీ మాంగో బస్తీలో ఇద్దరూ కాపరం సేత్తన్నారు. నీకు తెల్దా?"

"తెలుసు. ఇద్దరు మగోళ్లని మొగుడూపెళ్లాల్లాగ మైకులో సదవమంతావా? నలుగురూ నవ్వరా?"

"యూనియన్ ఎలచ్చన్లప్పుడు ఇదే మైకులో అందరూ సమానమే అని అరిసావు!"

"అది బయట. ఇది మనింటి పెళ్లి."

"బస్, ఇంక సాలు నాన్నా! పెళ్లాన్ని కొట్టి తరిమేసిన మావయ్య బిందె ఇత్తే, పక్కన అత్త పేరు కూడా కలిపి సదివావు. అత్త ఈ పెళ్లికే రానేదు!"

"అది మర్యాద కోసం."

"మర్యాదా? పొద్దున్నుంచీ నీ సుట్టాలందరికీ వడ్డిత్తన్నది జెరోమే కదా!"

"ఏటి సెయ్యమంతావే? నా నోటికి ఆ పేరు రాదు."

"అయితే మైకు ఇలాగియ్యి. నా నోటికి వత్తది."