లోపలికి వచ్చి తీసుకెళ్ళాలి

“బూట్లు విప్పక్కర్లేదండీ ఇర్మెలి గారూ. తివాచీ కూడా లేదిప్పుడు.”

“బూట్లతో ఇంట్లోకి ఎలా వస్తానండీ? మా అమ్మ చూస్తే చంపేస్తుంది. అయినా ఆ తివాచీ పట్టుకెళ్ళింది నేనే కదా.”

ఫిన్లాండులోని టాంపెరె ఊళ్ళో, మూడో అంతస్తులో, ఆదివారం మధ్యాహ్నం మాట ఇది. ఔలిస్ ఇంట్లో మిగిలింది ఒక కుర్చీ, ఒక మంచం. ఎదురింటి ఇర్మెలి ఆ కుర్చీ కోసం వచ్చింది. ఆవిడ తొందరగా వెళ్ళిపోకూడదని ఆయన ప్రాణం కొట్టుకుంటోంది.

“దీపం కూడా మీరే తీసుకెళ్ళారు. పుస్తకాల అలమరా కూడా.”

“అవును. కుర్చీ ఇదేనా? మరి మీరు దేనిమీద కూర్చుంటారు?”

“కిటికీ గట్టు ఉందిగా, చాలు. సామాను తగ్గితే మనిషి తేలికవుతాడన్నారు. నిజమేనండీ. రాత్రిళ్ళు నిద్ర పడుతోంది. కాఫీ తాగుతారా?”

“మీకెందుకండీ శ్రమ. కుర్చీ తీసుకుని…”

“పెట్టేశాను. దాల్చినచెక్క బన్ను కూడా ఉంది.”

“కప్పులున్నాయా?”

“రెండు. రెండోది ఎవరికీ ఇవ్వను.”

“ఔలిస్ గారూ, ఒకటి అడుగుతా, ఏమీ అనుకోకండి. ఊరికే ఇచ్చే వస్తువుని ఎవరైనా మెట్ల దగ్గర పెట్టేస్తారు. కావలసినవాళ్ళు చప్పుడు చేయకుండా పట్టుకెళ్తారు. ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేదు. మీరేమో ప్రకటనలో బెల్లు కొట్టి లోపలికి వచ్చి తీసుకెళ్ళాలని రాస్తారు. అదీ ఒక్కసారి ఒక్కటే.”

“మెట్ల దగ్గరైతే… తడుస్తాయి.”

“మెట్ల మీద వానెక్కడ పడుతుందండీ?”

“దొంగలు…”

“ఊరికే ఇచ్చేదాన్ని దొంగలెత్తుకుపోతారా?”

“పాలు పోయమంటారా?”

“మాట మార్చకండి.”

“…ఇదివరకు తెగ కొనేవాణ్ణి. మీకూ తెలుసు.”

“తెలియకేం. చెత్తగదిలో అట్టపెట్టెలు సగం మీవే.”

“ఏదీ అవసరమై కొనలేదండీ. పార్సిల్ అబ్బాయి బెల్లు కొట్టేవాడు. సంతకం పెట్టించుకుంటూ ‘చలి బాగా ఉంది కదండీ’ అనేవాడు. అంతే. ఆ ఒక్క మాట కోసం మళ్ళీ ఇంకోటి కొనేవాణ్ణి.”

“మరి మానేశారే?”

“కింద పార్సిళ్ళకి లాకర్లు పెట్టారుగా. ఫోనుకి నంబరొస్తుంది, మనమే వెళ్ళి తెచ్చుకోవాలి. బెల్లు మోగడం ఆగిపోయింది. ఇంటినిండా సామాను, మధ్యలో నేను. చూస్తే దిగులేసేది. ఓ రోజు విసుగొచ్చి టోస్టర్ ఇచ్చేస్తానని రాశాను. ఎవరో పెద్దావిడ వచ్చింది. కాఫీ తాగుతూ వాళ్ళాయన మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పింది. ఏం కొన్నా నాకంత హాయిగా ఎప్పుడూ అనిపించలేదు.”

“అయితే ఈ కుర్చీ కూడా పోతే…”

“అయిపోయినట్టే. మంచం ఒకటుంది, అది తలుపులోంచి పట్టదు. ఇక ఎవరూ రారు.”

“ఎదురిల్లే కదా మాది. తలుపు తట్టొచ్చుగా?”

“ఊరికే ఎలా తడతానండీ? మీరు బయటికొస్తున్న చప్పుడైతే, మెట్లు దిగేదాకా తలుపు వెనకే నిలబడేవాణ్ణి. మీకు ఇబ్బందని.”

“నేనూ అంతే. తలుపు రంధ్రంలోంచి చూసి, మీరు లేరనుకున్నాకే గొళ్ళెం తీసేదాన్ని.”

“మీరూనా?”

“ఇన్నేళ్ళూ. ఏం మనుషులమండీ మనం.”

“…సరే, ఉండండి. కుర్చీ నేను మోసిస్తాను.”

“వద్దు. ఇక్కడే ఉండనివ్వండి.”

“అదేంటి, నచ్చలేదా?”

“నాకెందుకండీ కుర్చీ? మీ తివాచీ చుట్టిన చుట్ట విప్పనేలేదు. దీపం ఒక్కసారీ వెలిగించలేదు. అలమరా అడ్డమొచ్చి బాల్కనీ తలుపు తెరుచుకోవట్లేదు.”

“మరి ఎందుకు తీసుకెళ్ళారు?”

“బెల్లు కొట్టమని రాశారుగా.”

“ఇర్మెలి గారూ…”

“ముందు మీరు ఆ కుర్చీలో కూర్చోండి. రేపు నేనూ ప్రకటన వేస్తాను, ఎదురింటివాళ్ళకి మాత్రమే. ఒక్కసారి ఒక్కటే. బెల్లు కొట్టి లోపలికి రావాలి. ఏమీ తీసుకెళ్ళకపోయినా ఫర్వాలేదు.”