మళ్ళీ ఊడిన అతుకు

జంగ్లీఘాట్‌లో, సముద్రం మధ్య దీవి మీద, పడవలు చేసే నూకయ్య ఇంటి వెనక పాక. అతని అత్త, చనిపోయిన భార్య మాలచ్చికి తల్లి, పేరు తాతమ్మ, గుమ్మంలో పీట వేసుకుని చేప తోముతోంది. నూకయ్య చేతిలో తను సొంతంగా చేస్తున్న గిటార్, రెండు ముక్కలై.

“ఇది ఎలక పని కాదత్తా.”

“అయితే పందికొక్కు అయ్యుంటాది.”

“పందికొక్కయితే కొరుకుతాది. ఇది కొరికింది కాదు. అతుకు వెంబడే ఊడదీసింది. చూడు, గీత గీసినట్టు.”

“ఉప్పుగాలిరా. ఈ గాలికి తలుపు గొళ్ళేలే రాలిపోతన్నాయి, నీ జిగురెంత?”

“ఉప్పుగాలి పక్కనున్న డోంగీ పడవ జోలికి పోదు, బల్ల జోలికి పోదు. నా గిటార్ ఒక్కదాన్నే ఏరుకుని వస్తాదా?”

“డోంగీ పనికొచ్చే వస్తువు. గాలికి కూడా తెలుసు.”

“మజాక్ కాదత్తా. ఎల్లుండి సంవత్సరీకం. మాలచ్చి ఫొటోకి దండ వేసి, దాని ముందు ఇది ఒక్కసారైనా మోగించాలనుకున్నాను. నీకు తెలుసు.”

“నాకేటి, జంగ్లీఘాట్ అంతటికీ తెలుసు. పెళ్ళాం పోయి ఏడాదన్నా తిరక్కుండా ఇంట్లో తంబూరా పెట్టీసినాడని యర్రమ్మ చేపల బజారంతా చెప్పుకొస్తంది.”

“తంబూరా కాదు, గిటార్.”

“తీగ ఉంటే అన్నీ ఒకటే.”

“మాలచ్చికి ఒకటి కాదు. నికోబారీ వాళ్ళు జెట్టీ మీద కూర్చుని గిటార్ వాయిస్తుంటే, చేపల గంప దించి మరీ వినీది. బేరం పోయినా కదిలేది కాదు.”

“బేరం పోయినందుకు నాచేత తిట్లు కూడా తినీది. అయినా ఏడాది సూతకం ఉన్న ఇంట్లో పాటేటిరా?”

“గుడికెళ్ళి పంతులుగారినే అడిగాను. దేవుడి పాటయితే తప్పు లేదన్నారు.”

“ఈ కర్రకి దేవుడి పాట వస్తాదా?”

“రావాలంటే ముందు కర్రకి కర్ర అతుక్కుని ఉండాలి గదా.”

“అసలు నువ్వు దాన్లో నీళ్ళు పోసినావు చూడు, ఆ రోజే దాని పని అయిపోనాది.”

“అతుకు పట్టిందో లేదో మరెలా తెలుస్తాది? మా అయ్య నేర్పింది అదే. నీళ్ళు పొయ్యి, అడుగుకి చుక్క దిగకపోతే పని బాగున్నట్టు.”

“అది పడవకిరా!”

“అలవాటత్తా. చెయ్యి దానంతటదే బకెట్ అందుకుంది.”

“సందుల్లో దూది కూరి గుగ్గిలం కూడా పట్టించీసినావు.”

“సందు కనిపిస్తే ఊరుకోబుద్ధి కాలేదు.”

“తీగలకి గాలపు నైలాను కట్టీసినావు.”

“అది పెద్ద చేపల్నే ఆపుతాది. పాటకి ఆగదా అనుకున్నాను.”

“మరి నీకు గిటార్ కొలతలిచ్చిన ఆ నికోబారీ అతను ఏటన్నాడు?”

“ఎత్తి చూశాడు, తట్టి చూశాడు. ‘భయ్యా, దీని మీద కూర్చుని వండూర్ ఒడ్డు దాకా హాయిగా వెళ్ళిపోవచ్చు, పాట మాత్రం అడక్కు’ అన్నాడు.”

“అదే మాట నేనూ అన్నాను. నేనంటే తప్పు.”

“అందుకే గదా గుగ్గిలమంతా గీకి పారేసి, పల్చటి చెక్కతో మళ్ళీ మొదలెట్టాను. చూడు, నువ్వు మాట మార్చేస్తున్నావు. నిన్న సాయంత్రం జిగురు పెట్టి, తాడు బిగించి కట్టాను. పొద్దున్న ఒడ్డుకెళ్ళి వచ్చేసరికి తాడు విప్పి ఉంది. ఎలక ముడి విప్పుతాదా?”

“ఒకవేళ...”

“చెప్పు.”

“ఒకవేళ మాలచ్చే వచ్చిందేమోరా.”

“అత్తా!”

“ఎందుకు రాకూడదు? ఏడాది తిరిగేదాకా ఇల్లు విడవరంటారు. బతికున్నప్పుడే దానికి నీ పని నచ్చీది కాదు. ‘అమ్మా, ఆయన చేసిన పీట మూడు కాళ్ళ మీదే నిలబడతాది’ అనీది.”

“నువ్వు ఆ పీట మీదే కూర్చున్నావు.”

“అందుకే ఊగుతున్నాను.”

“మాలచ్చి వస్తే తిన్నగా నన్ను లేపి తిడతాది గానీ, దొంగలా తాడు విప్పదు. విప్పినా, చుట్ట చుట్టి మేకుకి తగిలించి పోదు. ఇది శుభ్రంగా తగిలించి ఉంది. ఈ ఇంట్లో తాడు చుట్టి తగిలించే మనిషెవరు?”

“జరుగు, పొయ్యి వెలిగించాలి. చేప పాడైపోతాది.”

“కూర్చో. ఇదిగో, అతుకు సందులో ఏముందో చూడు.”

“నా కళ్ళకి ఆనదు.”

“పొలుసు. పొద్దున్న నేను ఒడ్డున ఉండగా జాలరి జోగులు నీకు ఇచ్చిపోయిన పండుగప్ప పొలుసు. నువ్వు తోముతున్నదేటి?”

“ఏదో చేప.”

“ఏ చేప?”

“పండుగప్పే అనుకో. పిల్లి అయ్యుంటాదిరా.”

“పిల్లి కత్తి పట్టుకుని వచ్చిందా?”

“ఈ వీధి పిల్లుల్ని నువ్వెరగవు.”

“అయితే సింహాద్రి అప్పన్న మీద ఒట్టేసి చెప్పు, నువ్వు కాదని.”

“ఛ, ఊరుకో! నీచు చేతుల్తో దేవుడి పేరెత్తకూడదు.”

“కడుక్కుని ఎత్తు. నీళ్ళు నేను పోస్తాను.”

“ఇయ్యాల మంగళవారం. మంగళవారం ఒట్లు పెట్టరు.”

“ఏ శాస్త్రంలో ఉంది?”

“శాస్త్రంలో లేదు. మా భీమిలిలో ఉంది.”

“అత్తా.”

“ఏటి?”

“అత్తా...”

“సరే, నేనే! ఏటి చేస్తావు? ఓడెక్కించి వైజాగ్ పంపీస్తావా?”

“ఎందుకత్తా? పాట తప్పనా? యర్రమ్మ మాటలకి భయపడా?”

“యర్రమ్మ మాటలకి ఏ రోజన్నా అన్నం మానీసినానా?”

“మరి?”

“చెప్తే నవ్వుతావు.”

“నవ్వను.”

“నవ్వకపోతే మరీ కష్టం. మాలచ్చి పోయాక నువ్వు నోరు విప్పలేదు, తెలుసా నీకు? కంచం పెడితే తిన్నావు, తీసీస్తే ఊరుకున్నావు. ఓ రోజు కూరలో ఉప్పు మరిచిపోయాను, తినీసినావు. మర్నాడు కావాలనే కారం ముంచీసినాను. కళ్ళమ్మట నీళ్ళు కారతన్నాయి గానీ, నోటమ్మట మాట లేదు.”

“అది కావాలని వేశావా!”

“నువ్వు తిడితే వినాలని వేశాను. ఏదీ, తిట్టందే! ఆ తర్వాత ఎక్కణ్ణించో ఈ కర్ర పట్టుకొచ్చి కూర్చున్నావు. ఏదోలే అనుకున్నాను. మొదటిసారి వానకి తనే ఊడింది. నిజంగా తనే. ఆ రోజు పాకలోంచి నువ్వు వేసిన కేక ఉంది చూడు, జిగురమ్మిన కొట్టువాడి తాతల దాకా ఎల్లిపోనావు. సగం తెలుగులో, సగం హిందీలో. పక్కింటి ఎరుకమ్మ చెవులు మూసుకుంది. నాకు ఏ హరికథ విన్నా అంత హాయి లేదురా.”

“బూతులకా!”

“తిట్టి తిట్టి లోపలికొచ్చి, ‘అత్తా, ఆకలేస్తంది’ అన్నావు. నీ అంతట నువ్వు అడిగావు. ఏడిచీసినాను నేను, పొగని చెప్పాను గానీ. అందుకని...”

“అందుకని మళ్ళీ ఊడదీశావు.”

“ఊరికే కాదు. నువ్వు నీరసంగా కనపడితేనే.”

“మందులాగ.”

“ఆఁ, మందులాగే. అస్తమానం ఇస్తానేటి?”

“ఇప్పుడు బాగానే ఉన్నాను గదా. మరి పొద్దున్న ఎందుకిచ్చావు?”

“ఎల్లుండికి అయిపోతాది గదరా. మోగిస్తావు. గోడకి తగిలిస్తావు. ఆ మర్నాడు లేచి ఏటి చేస్తావు?”

“ఏదో చేస్తాను.”

“ఏదో అంటే?”

“తెలీదత్తా.”

“నీకూ తెలీదు, నాకూ తెలీదు. అందుకే విప్పీసినాను. కూతురు సంవత్సరీకం ముందు అల్లుడి వస్తువు పాడుచేస్తే పాపమా, అల్లుడే పాడైపోతుంటే చూస్తా కూర్చోవడం పాపమా? రోజూ దీపం పెట్టి ఆ అప్పన్ననే అడుగుతున్నాను. ఆయనా చెప్పడు.”

“ఆయన చెప్పకపోతే నీ ఇష్టమొచ్చినట్టు చేసీడమేనా?”

“వద్దని కూడా అనలేదు గదా. ఇంకేటి అడుగుతావో అడిగీ. అన్నీ ఒప్పీసుకుంటాను. సిప్పీఘాట్ తీర్థానికి ఎళ్ళొచ్చిన రోజుది నేను. మద్రాసు ఓడొచ్చిన రోజు అడుగు చెక్క ఊడింది, అదీ నేను. ఇయ్యాల్టిది సరేసరి. మొన్న ఏకాదశినాడు మెడ ఊడింది చూడు, అది మటుకు నేను కాదు.”

“సరేలే, పద. చేప నేను కోస్తాను.”

“ఆగు. అది నేను కాదంటన్నాను.”

“విన్నాను. పాత జిగురేమో, తనే ఊడుంటాది.”

“అప్పటికి రెండ్రోజుల ముందే కొత్త జిగురు పెట్టావు. నేనే వేడి చేసి ఇచ్చాను.”

“వాన.”

“ఆ రోజు ఎండ పేలిపోయింది. ఒరే, ఇటు తిరుగు. నువ్వే గదా లోపలికి పరిగెత్తుకొచ్చి, ‘అత్తా, మెడ ఊడిపోనాది, వచ్చి పట్టుకో, నా ఒక్కడి వల్ల కాదు’ అని నన్ను రెక్క పట్టుకుని లాక్కొచ్చావు?”

“దానికి రెండు చేతులు చాలవు మరి.”

“పొద్దు వాలేదాకా పట్టించి కూర్చోబెట్టావు. మధ్యలో టీ కాచి ఇచ్చావు. నేను తిడుతుంటే కావాలని ఇంకా వంకరగా అతికించి మరీ తిట్టించుకున్నావు. ఎవడ్రా మెడ విప్పింది?”

“అత్తా, ఎవరో పిలుస్తున్నట్టున్నారు వీధిలో.”

“ఎవరూ పిలవడం లేదు. ఎవడు?”

“ఆ రోజు నువ్వు మాలచ్చి చీర తల కింద పెట్టుకుని గోడకేసి తిరిగి పడుకున్నావు అత్తా, ఎన్నిసార్లు పిలిచినా లేవలేదు.”