కనుమ దిగేముందు తూకం

తలుపు లాగకు కెండల్, విరిగిపోతుంది. లోపల్నించి గడియ వేశాను. నాలుగు తలుపులకీ వేశాను. అద్దం రెండు వేళ్ళంత దించాను కదా, నా మాట నీకు వినపడుతుంది, నీ మాట నాకు వినపడుతుంది. అంతవరకు చాలు.

తాళంచెవి నా కోటు జేబులో ఉంది. ఇవ్వను.

అలా చూడకు. నాకు మతి పోలేదు. ఇవాళ ఈస్టర్ ముందటి శుక్రవారమని తెలుసు. ఇక్కణ్ణించి పద్నాలుగు మైళ్ళు కనుమ దిగాలని తెలుసు. ఇసుకదిబ్బల దగ్గర మీ అన్న మనకోసం జాగా పట్టుకుని ఎదురుచూస్తున్నాడనీ తెలుసు, పొద్దుట్నుంచి నాలుగుసార్లు చెప్పావు. అన్నీ తెలిసే కూర్చున్నాను. ఈ ట్రక్కు ఆ ట్రైలరుని పట్టుకుని ఆ దిగుడు దిగలేదు నాయనా. దిగడం మొదలుపెడితే ట్రైలరే దీన్ని తోస్తుంది. అందులో నా మనవరాళ్ళుంటారు.

జనీల్ లోపలే ఉందా, పిల్లలతో? ఉండనీ. హాట్‌డాగ్‌లు తిననీ. నా కూతురు వచ్చేలోపు నీతో ఒక్కడితో మాట్లాడాలి.

పెట్రోలు పంపు దగ్గర వదిలిన బండి లారీల వైపుకి ఎలా వచ్చిందని కదా నీ కంగారు? నేనే తోలుకొచ్చాను. ఏం, నాకు చేతకాదా? జనీల్ కడుపులో ఉండగా, వెనక గొర్రెల ట్రైలరు కట్టుకుని, మంచులో ఇదే కనుమ దిగినదాన్ని. నెమ్మదిగా తీసుకెళ్ళి లారీల కాటా మీద నిలబెట్టాను. మైకులో అమ్మాయి 'మీ లారీ నంబరు చెప్పండి' అంది. 'లారీ కాదమ్మా, మా అమ్మాయి కాపురం' అన్నాను. నవ్వింది పాపం. నవ్వి తూచింది.

ఇదిగో చీటీ. అద్దానికి ఆనించి పట్టుకుంటాను, చూడు. ముందు చక్రాలవీ వెనక చక్రాలవీ కలిపితే, ఒక్క ట్రక్కు మీదే ఏడు వేల ఆరు వందల నలభై పౌన్లు. ట్రైలరు చక్రాల బరువు వేరే ఉంది, దాన్ని వదిలెయ్. ఇది తూచినప్పుడు బండిలో నేనొక్కదాన్నే ఉన్నాను. మీరు నలుగురూ ఇంకా ఎక్కలేదు.

తియ్యి, తియ్యి నీ లెక్కల గళ్ళపుస్తకం. అది తీస్తావని నాకు తెలుసు.

ఈ పుస్తకం గురించి జనీల్ అందరికీ చెప్పి నవ్విస్తుంది. మా ఆయన నిద్రలో కూడా కూడికలు వేస్తాడు, పెనం కూడా స్నానాలగదిలో మనిషి తూకం మీద పెట్టి తూచాడు, పిల్లల బూట్లు తూచాడు, నన్ను మాత్రం తూచనివ్వలేదు అంటుంది. నేను నవ్వలేదు, గుర్తుందా? ఇంత జాగ్రత్త గల మనిషి నా పిల్లకి దొరికాడని లోపల్లోపల మురిసిపోయాను.

ఏమైంది? ఎందుకు నవ్వుతున్నావు?

ఖాళీ ట్రక్కు అయిదు వేల అయిదు వందల ఇరవై అంటావు. ఊరి చెత్తదిబ్బ దగ్గర చెత్తబండ్లు తూచే కాటా మీద నువ్వే తూయించావు. తీసేస్తే ఇరవై ఒక్క వందల ఇరవై. మీ నలుగురి అయిదు వందల ముప్పై కలిపితే ఇరవై ఆరు వందల యాభై. ఇది మోయగలిగింది ఇరవై ఆరు వందలు. అంటే యాభై పౌన్లు ఎక్కువ. నాలుగు మోపుల కట్టెలు దింపేస్తే సరిపోతుంది.

అంతేనా? ఆ కాటా కూడా నీ మాటే చెప్పిందా?

దేవుడా. నేనేమో అది నా మాట చెబుతుందనుకున్నాను.

ఆగు, ఆగు. కట్టెలు దింపడానికి వెళ్ళకు. ముందు నా మాట విను. పోయిన నెల నువ్వు వెనక స్ప్రింగుల దగ్గర గాలి సంచులు పెట్టించావు చూడు. ట్రైలరు తగిలించగానే ట్రక్కు తోక కుంగిపోయి, మూతి ఆకాశానికి లేచేది. సంచులు పెట్టాక సమంగా నిలబడింది. ఫొటో తీసి మీ అన్నకి పంపావు. సంచులు బరువు మోస్తాయా నాయనా? కుంగిన నడుముకి దిండు పెడితే నడుము నిటారుగా కనపడుతుంది. మోసేది మాత్రం అదే నడుము, అవే ఇరుసులు, అవే టైర్లు.

తెలుసు అంటావు. సంచులు ఒక్క పౌను కూడా పెంచవని పుస్తకంలో రాసే పెట్టావా? సరే. అదీ రాశావన్నమాట.

మరి స్టీరింగు? పొద్దున పెద్దరోడ్డు ఎక్కగానే 'ఇవాళ వెన్నలా తిరుగుతోంది' అన్నావు. జనీల్ కూడా 'బాగుందే' అంది. వెనకసీటులో నాకు చెమట్లు పట్టాయి. వెనక బరువు ఎక్కువైతే ముందు చక్రాలు తేలిపోతాయి. తేలిన చక్రం వెన్నలాగే తిరుగుతుంది. అది సుఖం కాదు కెండల్, రోడ్డు మీద పట్టు పోవడం.

ఆ తెల్ల లారీ మనల్ని దాటినప్పుడు ఏమైంది? ముందు దాని వైపుకి లాగింది, తర్వాత అటువైపు గుంటలోకి తోసింది, తర్వాత మళ్ళీ ఇటు. మూడు ఊపులు. నువ్వు రెండు చేతులా స్టీరింగు బిగించి పట్టుకోవడం నేను వెనకనించి చూశాను. బ్రిన్ 'మళ్ళీ నాన్నా, మళ్ళీ' అని చప్పట్లు కొట్టింది. దానికి ఆరేళ్ళు. ఉయ్యాల అనుకుంది. అది చదునైన రోడ్డు, గాలి లేదు. కనుమ మొదట్లో పక్కనించి గాలి ఎలా కొడుతుందో నీకు తెలియదా?

గాలికి అందరి ట్రైలర్లూ ఊగుతాయి అంటావు. అవును. ఊగుతాయి.

నీకేం చెప్పినా ఆ పుస్తకంలో జవాబుంది. అందులో ఇరవై ఆరు వందలు అని రాసి, కింద రెండు గీతలు గీసి పెట్టావు. ఆ గీతల్ని దాటి నా మాట నీ చెవికి చేరడం లేదు.

ఏమిటా శబ్దం అంటున్నావా?

నీళ్ళు. వెనక్కి చూడు, ట్రైలరు కింద తారు తడిసింది కదా? ట్రైలరులో మంచినీళ్ళ తొట్టి బిరడా విప్పేశాను. తూచిన తర్వాతే విప్పాను, తూకం దొంగది కాకూడదని. వంద గ్యాలన్లు, నిన్న మీ ఇంటి పంపు దగ్గర నువ్వే పట్టావు. తొట్టి ముందువైపు ఉంది. దిబ్బల మీద తోలే ఆ చిన్నబండ్లు రెండూ ట్రైలరు వెనక కొట్టులో ఉన్నా, ఆ నీళ్ళ బరువంతా కొక్కెం మీదుగా ఈ ట్రక్కు వీపు మీదే పడుతోంది. కొంతైనా దిగనీ అని.

మూడు రోజులు దిబ్బల్లో ఏం తాగాలా? అక్కడికి చేరితే కదా తాగడానికి.

బానెట్ మీద కొట్టకు. నన్ను కొట్టాలనిపిస్తే చెప్పు, అద్దం ఇంకాస్త దించుతాను. లేదు, ఊరికే అన్నాను. నువ్వు అలాంటివాడివి కాదు. పదకొండేళ్ళలో నా ముందు గొంతు పెంచలేదు నువ్వు. ఇదే మొదటిసారి. పెంచు, నాకు తగిందే.

ఏమన్నావు? మళ్ళీ అను.

'మీకు మొదట్నించీ నా మీద నమ్మకం లేదు' అన్నావా?

అబ్బా. అలా అనుకున్నావా బాబూ. నువ్వు గొర్రెల మనిషివి కాదని, పంటి తొడుగులు చేసే పనివాడివి ట్రక్కుల సంగతి నీకేం తెలుసని నేను అనుకుంటానని? మా ఆయన లవార్ బతికున్నప్పుడు కూడా నేనలా అనుకోలేదు. ఆయన అనుకున్నాడేమో, ఆయన మాట వేరు. ఆయన పోయి మూడేళ్ళయింది, ఆయన ట్రక్కు నీకిచ్చింది నేనే కదా.

ఇక చెప్పక తప్పదు. అటు తిరిగి నిలబడతావా కొంచెం? నీ మొహం చూస్తూ చెప్పలేను. సరే, ఇటే ఉండు. నేనే స్టీరింగు చూస్తూ చెబుతాను.

పోయిన వసంతంలో ట్రైలర్లు అమ్మే చోట నిలబడి నాకు ఫోను చేశావు. ట్రక్కు అప్పటికి మా షెడ్డులోనే ఉంది. ఆ అమ్మేవాడెవరో మంచివాడు. ఎంత లాగుతుందని అడగలేదు, ఎంత మోస్తుందని అడిగాడు. తలుపంచున పసుపు చీటీ ఉంటుంది, దాని మీద అంకె చెబితే గానీ ట్రైలరు చూపించను అన్నాడట. నువ్వు నాతో 'కాస్త వెళ్ళి చదివి చెప్పండి, లైనులో ఉంటాను' అన్నావు.

వెళ్ళాను. తలుపు తీశాను. పసుపు చీటీ కనపడింది. అంకెలు నాకు వచ్చు నాయనా, మందలు లెక్కపెట్టినదాన్ని, అంకెలు ఎప్పుడూ వచ్చు. కానీ ఆ చీటీ మీద అంకె ఒకటా? టైర్లలో గాలికొకటి, సీట్లకొకటి, ఇంకా ఏవేవో. ఏ అంకె దేనిదో చెప్పేవి అక్షరాలు. అవి నాకు రావు.

చదవడం రాదు నాకు. అప్పటికి రాదు. నాకు అరవై ఏడేళ్ళు.

గొర్రెల మంద వెంట తిరిగిన పిల్లని. బడి తెరిచినప్పుడు మేము ఎడారిలో, మేము ఊళ్ళో ఉన్నప్పుడు బడికి సెలవులు. తర్వాత పెద్దదాన్నయ్యాక ఎవరినడుగుతాను? లవార్ ఒక్కడికి తెలుసు. ఉత్తరాలు ఆయనే చదివేవాడు. దుకాణంలో కళ్ళజోడు మర్చిపోయానని చెప్పేదాన్ని. చర్చిలో నా వంతు వచ్చేసరికి దగ్గు తెచ్చుకునేదాన్ని. జనీల్‌కి ఈ రోజుకీ తెలియదు.

ఫోనులో నీ ఊపిరి వినపడుతోంది. వెనకాల అమ్మేవాడు ఏదో అంటున్నాడు. చదవలేనని అల్లుడికి చెప్పడమా? నోట్లోకి లవార్ మాట వచ్చేసింది. 'ఇరవై ఆరు వందలు మోస్తుంది నా పిల్ల' అని ఆయన సంతలో అందరితో గొప్పలు పోయేవాడు. ఇరవై ఆరు వందలు అని చెప్పేశాను. నువ్వు థాంక్స్ చెప్పి, రాసుకున్నావు.

అది ఈ ట్రక్కు కాదు. అది ఆయన పాత ట్రక్కు, గొర్రెల్ని తోలిన పెద్దది. తన తుంటి అరిగిపోయాక దాన్ని అమ్మేసి, సీటు మెత్తగా ఉందని ఈ చిన్నదాన్ని కొన్నాడు. రెండింటికీ ఒకే రంగు. నాకు రెండూ ట్రక్కులే.

ఆ తర్వాత నువ్వు మాత్రం ఆ చీటీ ఎందుకు చూస్తావు? మీ అత్త చదివి చెప్పింది కదా.

ఈ చలికాలం నుంచి లైబ్రరీకి వెళుతున్నాను. బొంతలు కుట్టడానికని జనీల్‌తో చెప్పాను. ఒక్క బొంతయినా చూపించలేదేమని అది అడగనూ లేదు. ఇప్పుడు కనపడిందల్లా చదువుతున్నాను. సూపు డబ్బాలు, మందు సీసాలు, వీధుల పేర్లు. నలభై ఏళ్ళు కాపురమున్న వీధికి ఒక పువ్వు పేరుందని మొన్ననే తెలిసింది.

నిన్న సాయంత్రం నువ్వు కట్టెలు సర్దుతుంటే, నేను ఈ తలుపు పట్టుకుని నిలబడ్డాను. పసుపు చీటీ కళ్ళెదురుగా ఉంది. వేలు పెట్టి, మాట తర్వాత మాట చదివాను. మనుషులూ సామానూ కలిపి ఎప్పుడూ దాటకూడదు అని ఉంది. 'ఎప్పుడూ' దగ్గర చాలాసేపు ఆగిపోయాను. పక్కన ఎవరూ లేకుండా, ఎవర్నీ అడక్కుండా, మొదట్నించి చివరిదాకా నేను చదివిన మొదటి వాక్యం అది. ఎంత సంతోషం వేసిందో నీకు చెప్పలేను. నీ దగ్గరికి పరిగెత్తుకొచ్చి చెప్పాలనిపించింది.

అప్పుడు ఆ పక్కన అంకె చూశాను. పదిహేను వందల ఎనభై.

అంతే. నీ పుస్తకంలో రెండు గీతల పైన ఉండాల్సిన అంకె అది. ఇప్పుడు తీసివేత వెయ్యి. నాకు చెప్పక్కర్లేదు, రాత్రంతా వేస్తూనే ఉన్నాను.

కూర్చో. ఆ సిమెంటు దిమ్మ మీద కూర్చో, మొహం అలా పాలిపోయిందేమిటి? మీ అన్నకి ఫోను చెయ్యి. ఆయనకి పెద్ద ట్రక్కుంది కదా, వచ్చి ట్రైలరు తీసుకెళ్ళనీ. మనం దీన్ని ఖాళీగా తోలుకుంటూ వెనకాలే దిగుదాం. ఆలస్యమైతే అవుతుంది. జాగా పోతే పోతుంది.

నిన్నే ఎందుకు చెప్పలేదని అడుగు. అడగవా? పోనీ నేనే చెబుతాను. చీటీ తప్పేమో అనుకున్నాను. నేను తప్పు చదివానేమో అనుకున్నాను, కొత్తగా నేర్చుకున్నదాన్ని కదా. అవేవీ కాదు. జనీల్‌కి తెలిసిపోతుందని. నా కూతురి ముందు నా మొహం ఎలా ఉంటుందోనని. ఆ తెల్ల లారీ దాటినప్పుడు కూడా నోరు విప్పలేదు నేను. కాటా చెబుతుందిలే, నేను తప్పించుకుంటానులే అనుకున్నాను.

అదిగో, వస్తున్నారు. నా రెండో మనవరాలు ఓక్లీ చేతిలో నాకు కూడా ఏదో తెస్తోంది. నువ్వేం చెప్పకు, జనీల్‌కి నేనే చెబుతాను.

నీ లెక్కలో ఒక్క తప్పూ లేదు కెండల్. ఆ ఒక్క ముక్క చెప్పడానికి నాకు నూట పది మైళ్ళు పట్టింది, నీ పిల్లలిద్దర్నీ చెరో పక్కా కూర్చోబెట్టుకుని.